టెక్ సందేహాలు: సిగ్నల్ అందని కొండదారిలో ఫోను ఎంతవరకు పనికొస్తుంది?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే ప్రయాణం గురించినవి. భీమవరంలో కలిసి చదువుకుని, ఇప్పుడు తలో ఊళ్లో స్థిరపడిన ఆరుగురు మిత్రులు వచ్చే ఫిబ్రవరిలో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పన్నెండు రోజులపాటు రెండు అద్దె కార్లలో తిరగాలని నిశ్చయించుకున్నారు. క్రైస్ట్‌చర్చ్‌లో కార్లు తీసుకుని, టెకాపో సరస్సు, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, తె అనౌ మీదుగా మిల్ఫర్డ్ సౌండ్ చూసి, హాస్ట్ కనుమ దాటి పశ్చిమ తీరం వెంట తిరిగి రావాలన్నది వారి ఆలోచన. నాలుగు ఉత్తరాలు మిత్రులు రాసినవి కాగా, అయిదవది వారిలో ఒకరి తల్లిగారు రాసినది. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వీటికే కేటాయిస్తున్నాను.

మిల్ఫర్డ్ సౌండ్ దారిలో సిగ్నల్ ఉండదంటున్నారు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా ఆగిపోతుంది కదా? విడిగా నావిగేటర్ అద్దెకు తీసుకోమంటారా? (భీమవరం నుంచి ఒక పాఠకుడు)

ఆగిపోదు. ఈ అపోహ చాలామందిలో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అంతర్వేది దగ్గర సముద్రంలో ఉన్న పడవవాడు దీపస్తంభాన్ని చూసి తానెక్కడున్నదీ తెలుసుకుంటాడు తప్ప దీపస్తంభానికి తిరిగి కబురు పంపడు. జీపీఎస్ కూడా అంతే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఎప్పటికప్పుడు సమయాన్నీ తమ స్థానాన్నీ ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మీ ఫోను వాటిని పోల్చి తన స్థానాన్ని తానే లెక్కకట్టుకుంటుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. నెట్‌వర్కు ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడున్నదో ఫోనుకు ముందే సమాచారం అందుతుంది కాబట్టి మొదటి స్థాననిర్ణయం క్షణాల్లో అయిపోతుంది. నెట్‌వర్కు లేనిచోట ఫోనును అప్పుడే ఆన్ చేస్తే అదే పనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతే తేడా.

ఆగిపోయేది జీపీఎస్ కాదు, దాని వెనుక కనిపించే పటం. గూగుల్ మ్యాప్స్ ఆ పటాన్ని ఇంటర్నెట్ నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది కాబట్టి, డేటా లేనప్పుడు మీ స్థానం చూపే నీలిచుక్క ఖాళీ తెరమీద ఒంటరిగా మిగిలిపోతుంది. అందుకే బయలుదేరకముందే, ఇంటి వైఫైలో, మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మమీద నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్ విభాగంలోకి వెళ్లి దక్షిణ దీవిని డౌన్‌లోడ్ చేసుకోండి. దీవి మొత్తం ఒక్క చట్రంలో పట్టదు కాబట్టి రెండు మూడు ముక్కలుగా, ఒకదాని అంచు మరొకదాని మీదికి వచ్చేలా తీసుకోవాలి. ఈ పని ఒక్క డ్రైవరు ఫోనులో చేసి ఊరుకోకుండా కారుకు కనీసం రెండు ఫోన్లలో చేయండి. దానికి తోడుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ కూడా ఉంచుకోమని నా సలహా. అది ఉచితం, పూర్తిగా ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది, గూగుల్ ఆఫ్‌లైన్‌లో చూపించని కాలిబాటలను కూడా చూపిస్తుంది. ఇవి రెండూ ఉంటే విడిగా నావిగేటరుకు అద్దె కట్టడం దండగ.

అయితే ఆఫ్‌లైన్ పటానికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. రద్దీ తెలియదు, ప్రత్యామ్నాయ మార్గాలు చూపదు, ఆ ఉదయం దారి మూసివేశారన్న సంగతి అసలే తెలియదు. తె అనౌ నుంచి మిల్ఫర్డ్ సౌండ్‌కు సుమారు 120 కిలోమీటర్లు. దారిలో చాలా భాగం సిగ్నల్ అందదు, పెట్రోలు బంకు తగలదు. వానలు ముంచెత్తినా కొండచరియలు విరిగిపడినా ఆ దారిని మూసేస్తారు. కాబట్టి ప్రతి ఉదయం బస వదిలేముందు అక్కడి రవాణా సంస్థ నడిపే జర్నీ ప్లానర్ సైటు చూసి, తె అనౌలోనే టాంకు నింపుకుని కదలండి. మ్యాప్స్ చూపించే ప్రయాణ సమయాన్ని కూడా యథాతథంగా నమ్మవద్దు. ఊళ్ల బయట వేగ పరిమితి సాధారణంగా గంటకు 100 కిలోమీటర్లే అయినా, మలుపుల్లోనూ ఒంటివరుస వంతెనల దగ్గరా ఆ వేగం కుదరదు. మన లాకుల వంతెన మీద ఎదురు బస్సు దిగేదాకా ఇవతల ఆగినట్టే అక్కడా ఆగాలి. కాకపోతే ముందు ఎవరు పోవాలన్నది హారను తేల్చదు, బాణం గుర్తుల బోర్డు తేలుస్తుంది. మనలాగే వారూ ఎడమవైపునే నడుపుతారు కాబట్టి ఆ ఒక్క బెంగ మీకు లేదు.

మా అబ్బాయి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడతానన్నాడు. దారి పొడుగునా కారు ఎక్కడున్నదో నాకు కనిపిస్తుందా? చుక్క కదలకపోతే ఏమనుకోవాలి? (రాజోలు నుంచి ఒక తల్లి)

అమ్మా, ఈ ప్రశ్న మీరు ముందే అడగడం మంచిదయింది. పైన చెప్పినట్టు అబ్బాయి ఫోనుకు తానెక్కడున్నదీ తెలుస్తూనే ఉంటుంది. కానీ ఆ సంగతి మీ ఫోనుకు చేరాలంటే మాత్రం ఇంటర్నెట్ కావాలి. కారు కొండల నడుమకు వెళ్లగానే కబురు ఆగిపోతుంది, చుక్క చివరిసారి సిగ్నల్ దొరికిన చోటనే నిలిచిపోతుంది. అంటే చుక్క నిలిచిన చోట కారు నిలిచిందని అర్థం కాదు. గోదావరికి వరద వచ్చి లంకల్లో కరెంటు పోయినప్పుడు అక్కడి చుట్టాల ఫోను మోగకపోయినా, టవరుకు కరెంటు లేదేమోనని సరిపెట్టుకుంటారు కదా, ఇదీ అటువంటిదే.

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే గరిష్ఠంగా ఎనిమిది గంటలే ఉంటుంది, తరువాత దానంతటదే ఆగిపోతుంది. దానికి బదులు గూగుల్ మ్యాప్స్‌లోని లొకేషన్ షేరింగ్ పెట్టించుకోండి. తాను ఆపేవరకూ కొనసాగేలా అబ్బాయి దాన్ని ఏర్పాటు చేయవచ్చు, పైగా ఆ స్థానం ఎంతసేపటి క్రితందో కూడా పక్కనే కనిపిస్తుంది. ఆ సమయాన్ని చూడడం అలవాటు చేసుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

మిల్ఫర్డ్ వెళ్లే రోజున రానూపోనూ ప్రయాణం, మధ్యలో పడవ విహారం కలిపి ఏడెనిమిది గంటలపాటు ఏ కబురూ రాకపోవచ్చు. ఫిబ్రవరిలో వారి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. వారు రాత్రి ఎనిమిదికి బసకు చేరి ఫోను చేస్తే మీకు మధ్యాహ్నం పన్నెండున్నర. ఏ రోజు ఏ ఊరిలో బస, అక్కడి ఫోను నంబరు ఏమిటి అన్నది ఒక కాగితం మీద రాయించి ఇంట్లో పెట్టుకోండి. ఇరవయ్యేళ్లుగా సాంకేతిక విషయాలు రాస్తున్న నేను కూడా మా ఇంట్లో చేసేది ఇదే.

రెండు కార్ల మధ్య మాట్లాడుకోవడానికి ఇక్కడినుంచి వాకీటాకీలు తీసుకెళ్లవచ్చా? అత్యవసరానికి శాటిలైట్ మెసెంజర్ కొనడం మంచిదా? (అమలాపురం)

రెండింటికీ ఇక్కడ కొనవద్దనే నా జవాబు. రేడియో తరంగాల వాడకానికి ప్రతి దేశానికీ తన నిబంధనలుంటాయి. న్యూజిలాండ్‌లో సామాన్యులు లైసెన్సు లేకుండా వాడుకునే వాకీటాకీలు 476, 477 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికే సెట్లు వేరే తరంగాలమీద నడిచేవైతే వాటిని అక్కడ నొక్కడమే తప్పవుతుంది. క్రైస్ట్‌చర్చ్‌లో దిగాక ఒక జత కొనుక్కోండి. కొండ అడ్డు వస్తే వాటి మాట కూడా తెగిపోతుంది కాబట్టి, ఏ మలుపు దగ్గర ఆగి కలుసుకోవాలో పొద్దున్నే అనుకోవడం తప్పదు.

శాటిలైట్ మెసెంజర్ సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోనుగానీ, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరంగానీ దగ్గర ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. తెలియక బ్యాగులో పెట్టుకొచ్చిన విదేశీ పర్యాటకులను మన విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. అక్కడ ముచ్చటపడి కొని ఇంటికి తెస్తే చిక్కు మీకే. దానికి బదులు 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పర్సనల్ లొకేటర్ బీకన్‌ను అక్కడే రోజు లెక్కన అద్దెకు తీసుకుని, అక్కడే తిరిగి ఇచ్చేయండి. ప్రాణాపాయం వచ్చినప్పుడు మీట నొక్కితే మీ స్థానం వారి సహాయక కేంద్రానికి చేరుతుంది. మీలో ఎవరికైనా ఐఫోన్ 14 గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటే, అందులోని ఉపగ్రహ అత్యవసర సందేశ సౌకర్యం న్యూజిలాండ్‌లో పనిచేస్తుంది. కానీ ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, తెర చూపించిన దిక్కుకు ఫోను తిప్పాలి. మామూలు సిగ్నల్ ఉన్నచోట అయితే అక్కడి అత్యవసర నంబరు 111కు ఫోను చేయడమే.

సిమ్ మారిస్తే ఓటీపీలు రావు, మార్చకపోతే రోమింగ్ బిల్లు. ఏం చేయాలి? చెల్లింపులకు యూపీఐ పనిచేస్తుందా? (తణుకు)

మీ సిమ్‌ను ఫోనులోంచి తీయకండి. బయలుదేరేముందు దానికి అంతర్జాతీయ రోమింగ్ అనుమతి తీసుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపివేయండి. ఓటీపీ సందేశాలు వస్తూనే ఉంటాయి, సాధారణంగా వాటికి రుసుము ఉండదు. వచ్చే ఫోన్లు ఎత్తితే మాత్రం నిమిషాల లెక్కన పడుతుంది. ఇంటర్నెట్ కోసం రెండో సిమ్ వాడండి. కార్డు లేకుండా ఫోనులోకే ఎక్కే ఇ-సిమ్ కుదిరే ఫోనైతే దానిని ఇక్కడి వైఫైలోనే ఎక్కించుకుని, దిగాక ఆన్ చేస్తే సరిపోతుంది. పర్యాటకులకు అమ్మే ఇ-సిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప ఫోను నంబరు ఉండదు. అందువల్ల కారుకు ఒకరైనా అక్కడి అసలు సిమ్ కొనుక్కోవాలి. అదీ రెండు కార్లవారూ వేర్వేరు సంస్థలవి తీసుకుంటే ఒకరికి అందని చోట మరొకరికి అందే అవకాశం ఉంటుంది. పాత ఫోనులు తీసుకెళ్లకండి. అక్కడి సంస్థలు 2జీ, 3జీ సేవలకు స్వస్తి చెబుతూ వచ్చాయి కాబట్టి వోల్టీ, అంటే 4జీ మీదే మాట్లాడే సౌకర్యం, కుదరని ఫోనులో మాట కలవకపోవచ్చు.

యూపీఐని నమ్ముకుని వెళ్లవద్దు. కార్డుల విషయంలో మన రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులకు అంతర్జాతీయ వాడకం మొదట మూసే ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి. కారు అద్దె సంస్థ డిపాజిట్టు కోసం సాధారణంగా డ్రైవరు పేరుమీదే క్రెడిట్ కార్డు అడుగుతుంది. డ్రైవింగు లైసెన్సు కూడా అంతే: డిజీలాకర్‌లో చూపిస్తే రావులపాలెంలో సరిపోవచ్చు, అక్కడ అసలు కార్డే చేతిలో ఉండాలి.

ఇంకొక హెచ్చరిక. దేశంలోకి ప్రవేశించేముందు నింపవలసిన న్యూజిలాండ్ ట్రావెలర్ డిక్లరేషన్ పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా అసలుది కాదు. అందులో ఆహార పదార్థాల ప్రశ్నకు నిజం రాయండి. ఆత్రేయపురం పూతరేకులూ ఆవకాయ సీసా సంచిలో పెట్టుకుని లేవని రాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా పడవచ్చు.

ఆరుగురి ఫొటోలు చివరికి ఒకచోట చేర్చడం ఎలా? డ్రోన్ కూడా తీసుకెళ్తున్నాం. (పాలకొల్లు)

వాట్సాప్ గ్రూపులో వేసుకోవద్దు. హెచ్‌డీ ఎంచుకున్నా అది ఫొటోను కొంత కుదిస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఉమ్మడి ఆల్బం పెట్టవచ్చుగానీ అసలు నాణ్యతతో ఎక్కిస్తే ఎవరికి వారికి ఉచితంగా ఉన్న 15 జీబీ వీడియోలతోనే నిండిపోతుంది. ఫొటోలు దాచుకునే ఒక టెరాబైటు పోర్టబుల్ ఎస్ఎస్‌డీ ఒకటి కొని, ప్రతి రాత్రీ ఆరుగురూ టైప్-సి తీగతో అందులోకి దించడం అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి.

అసలు చిక్కు గడియారాల దగ్గర వస్తుంది. ఫోన్లు దిగగానే అక్కడి సమయానికి మారిపోతాయి, విడి కెమెరాలు మారవు. కొన్నేళ్ల క్రితం నేను ఇదే దీవికి వెళ్లినప్పుడు కెమెరా గడియారం మార్చడం మరిచిపోయాను. టెకాపో ఒడ్డున తెల్లవారి ఆరున్నరకు తీసిన ఫొటోలన్నీ ముందురోజు రాత్రి పదకొండు గంటల లెక్కలో చేరి, భోజనాల ఫొటోల పక్కన సూర్యోదయం వచ్చి కూర్చుంది. మీరు మొదటి రోజున ప్రతి కెమెరాతోనూ ఒకే ఫోను గడియారాన్ని ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తరువాత తేడా ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది, డిజీక్యామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వందల ఫొటోల సమయాన్ని ఒకేసారి సరిదిద్దవచ్చు.

డ్రోన్ ఇంట్లో వదిలివెళ్లమంటాను. మీరు చూడబోయే అందమైన చోట్లలో అధికభాగం ఆ దేశపు ప్రకృతి సంరక్షణ శాఖ పరిధిలోనివి, అక్కడ ముందస్తు అనుమతి లేకుండా ఎంత చిన్న డ్రోన్ అయినా ఎగరేయకూడదు. అక్కడ కొని తెద్దామనీ అనుకోవద్దు, 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం.

చార్జింగు సంగతి తేలిక. అక్కడా 230 వోల్టులే కాబట్టి కన్వర్టరు అక్కర్లేదు, ఏటవాలు పిన్నుల అడాప్టరు ఒకటి, దానికి తగిలించడానికి ఇక్కడి స్పైక్ బాక్సు ఒకటి చాలు. మీరు తీసుకెళ్లే రైస్‌ కుక్కరును మాత్రం ఆ బాక్సుకు కాక, అడాప్టరు పెట్టి నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించండి. పవర్‌ బ్యాంకులు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు కాబట్టి 100 అన్న పరిమితికి లోబడే ఉంటుంది.

మిల్ఫర్డ్ దారిలోని హోమర్ సొరంగం దగ్గర ఆగినప్పుడు కియా అనే కొండచిలుకలు కారు అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు పీకుతాయి, తలుపు తీసి ఉంచితే లోపలి తీగలనూ వదలవు. ఇక కారు తిరిగి అప్పగించేటప్పుడు తాళం ఇచ్చేలోపు దాని బ్లూటూత్ జాబితాలోంచి మీ ఫోను పేరును తొలగించండి. లేకపోతే మీ కాంటాక్టులూ, తిరిగిన చోట్ల చిరునామాలూ తరువాత ఆ కారెక్కిన వారికి తెరమీద కనిపించే అవకాశం ఉంది.