ఫారంలో ‘కాదు’ మీద టిక్కు పెట్టి కుక్కర్ గెలిచినవాణ్ని

సెలబ్రిటీల డ్యాన్సు షోల్లోకి, ఐస్ స్కేటింగ్ షోల్లోకి ముందే నేర్చుకున్నవాళ్లను తీసుకోవడం అన్యాయం కాదా, ఏమీ రానివాళ్లనే పెట్టొచ్చు గదా అని అడిగినారు. నేను సెలబ్రిటీని కాదు గానీ, ఈ ‘ఏమీ రానివాళ్ల’ కోటాలో దూరి ఒకసారి ప్రెషర్ కుక్కర్ కొట్టేసినవాణ్ని. ఆ అనుభవంతో చెప్తాను.

2016లో అనంతపురంలో మా ఆఫీసు వార్షికోత్సవానికి డ్యాన్సు పోటీ పెట్టినారు. సినిమా పాటలు, నెల రోజుల ప్రాక్టీసు, నేర్పడానికి ఒక కుర్ర మాస్టరు. డ్యాన్సు రానివాళ్లకు మాత్రమే అన్నారు. ఫారంలో ఒక గడి: ‘గతంలో డ్యాన్సు నేర్చుకున్నారా? అవును / కాదు’. నేను నిమిషం కూడా ఆలోచించకుండా ‘కాదు’ మీద టిక్కు పెట్టినాను. మా సెక్షన్‌లోని ఒక మేడం ‘అవును’ మీద పెట్టింది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకుందంట. మానేసి పదిహేనేళ్లు దాటింది, ఇద్దరు పిల్లలు. ఆమెను పోటీలోంచి తీసేసి, "మీరు ప్రార్థన పాటకు చేయండి మేడం" అని సర్దేసినారు. మొదటి బహుమతి నాకొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మాది తాడిపత్రి దగ్గర పల్లె. తొమ్మిదో ఏట నుంచి పదో తరగతి అయ్యేదాకా చెక్కభజన చేసినాను. రాత్రి అన్నాలు తిన్నాక రామాలయం ముందర పదహారు మందిమి రెండు వరసల్లో నిలబడేవాళ్లం. చేతుల్లో చెక్కలు, వాటికి గలగలమనే రేకు బిళ్లలు, కాళ్లకు గజ్జెలు. పాట సాగేకొద్దీ గురువు వేగం పెంచుతాడు. చెక్క దెబ్బ, కాలి దెబ్బ ఒకటి కావాల. ఒక్క అడుగు తప్పితే వెనకున్నోడు వచ్చి గుద్దుకుంటాడు, తప్పినోడి పిక్క మీద గురువు చెక్కతో ఒకటి అంటిస్తాడు. ఏడేళ్లు అట్లా గడిచినా దాన్ని డ్యాన్సు అని నేనెప్పుడూ అనుకోలేదు. అది భజన! అందుకే ఫారంలో అబద్ధం రాసినట్టు నాకు అనిపించనేలేదు. మాస్టరు మొదటి రోజే "సార్, మీకు తాళం ఒంట్లోనే ఉంది" అంటే, పుట్టుకతో వచ్చింది గాబోలు అని మురిసిపోయినాను కూడా.

మేడం మాత్రం పసిగట్టింది. బహుమతులు ఇచ్చిన మర్నాడు టీ దగ్గర అడిగింది, "సార్, మీరేమైనా భజనలు చేసినారా ఊళ్లో?" చెప్పినాను. నవ్వి, "నాకు సర్టిఫికెట్ ఉండాది కాబట్టి దొరికిపోయినా. మీకు లేదు కాబట్టి కుక్కర్ వచ్చింది" అనింది.

టీవీ షోల్లోనూ జరిగేది ఇదే. బ్రిటన్‌లో ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్’ అనే సెలబ్రిటీల డ్యాన్సు షోలో 2023లో నటుడు లేటన్ విలియమ్స్ మీద గోల చేసినారు, చిన్నప్పుడే స్టేజీ మీద డ్యాన్సు చేసినవాడని. చివరికి గెలిచింది ఎల్లీ లీచ్ అనే సీరియల్ నటి. అక్కడ ఫైనల్లో జడ్జీల మార్కులు పేరుకే, గెలుపు జనం ఓట్లది. అమెరికాలో క్రిస్టీ యమగూచి 1992లో ఫిగర్ స్కేటింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. 2008లో అక్కడి డ్యాన్సు షోకి వచ్చి గెలిచింది. ‘డ్యాన్సరు కాదు, స్కేటరు’ అని గడిలో టిక్కు పెట్టొచ్చు, తప్పేం లేదు. ఐస్ డ్యాన్సులో స్వర్ణం తెచ్చుకున్న మెరిల్ డేవిస్ అయితే 2014లో ఆ పతకం వచ్చిన కొద్ది నెలలకే అదే షో గెలిచింది. ఐస్ డ్యాన్సులో ఉండేదే వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్! ఇక మన హిందీ టీవీలోని సెలబ్రిటీల డ్యాన్సు షో ‘ఝలక్ దిఖ్‌లా జా’ చూడండి. 2009లో ఫుట్‌బాల్ ఆటగాడు బైచుంగ్ భూటియా గెలిచినాడు. 2017కు వచ్చేసరికి గెలిచింది తెరియా మగర్, అంతకుముందే పిల్లల డ్యాన్సు షో గెలిచిన అమ్మాయి. నాకు కోపం వచ్చేది ఇట్లాంటి దాని మీదే. అమ్మాయి మీద కాదు, డ్యాన్సరును తెచ్చి ‘సెలబ్రిటీ’ అని బోర్డు పెట్టినవాళ్ల మీద.

అనుభవం అంటే అన్నిసార్లూ లాభమే అనుకోవద్దు. మేడం ఒకసారి సరదాకి మా సినిమా స్టెప్పు వేసి చూపించింది. మోకాళ్లు వాటంతటవే అరమండిలోకి, అంటే కూచిపూడిలో మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలోకి, పోతాయి, నడుం నిటారుగా బిగుసుకుంటుంది. "ఎనిమిదేళ్లు నేర్చింది మర్చిపోవడానికే నెల పట్టేట్టుంది" అనింది. కెనడాలో 2009లో ఐస్ హాకీ ఆటగాళ్లకు ఫిగర్ స్కేటర్లను జోడీ కట్టి ఒక షో మొదలుపెట్టినారు. అందరికీ స్కేటింగ్ వచ్చు. అయినా ఫిగర్ స్కేటు బ్లేడుకు ముందర రంపం పళ్లుంటాయి, హాకీ స్కేటుకు ఉండవు. పాత అలవాటు కొద్దీ కాలి వేళ్ల మీదికి ఒరిగితే ఆ పళ్లు మంచులో దిగి బోర్లా పడతారు.

మరి ఎవరెంత మెరుగుపడ్డారో చూసి మార్కులు వేస్తే సరిపోదా అంటారు. మేం అదీ చేసి చూసినాం. 2017లో మొదటి రౌండుకు, చివరి రౌండుకు ఉన్న తేడాను బట్టి బహుమతి అన్నారు. మొదటి రౌండు చూడాల మీరు! ఎడమ కాలు ఏదో కుడి కాలు ఏదో తెలీనట్టు నటించినారు అందరూ. మా అకౌంటెంటు ఏకంగా స్టేజీ దిగి పోయినాడు, ‘భయపడి’. నెల తర్వాత చూస్తే బ్రేక్ డ్యాన్సు.

అందుకే నా ఓటు ఒక్కదానికే. డ్యాన్సు రానివాళ్లెవరు, తెలిసినవాళ్లెవరు అని ఏరడం మానుకోని, ఎవరేం చేసొచ్చినారో ముందే చూసేవాళ్లకు చెప్పేయాల. 2018లో మా ఆఫీసు ఫారంలో ఆ గడి తీసేసి, ‘ఇంతకుముందు ఎక్కడ, ఎన్నేళ్లు ఆడినారో రాయండి, అది ఏదైనా సరే’ అని పెట్టినారు. పాటకు ముందు మైకులో అది చదివేవాళ్లు. నేను ‘చెక్కభజన, ఏడేళ్లు’ అని రాసినాను. మేడం ‘కూచిపూడి, ఎనిమిదేళ్లు’. ఆమెకు మొదటి బహుమతి వచ్చింది, ఎవరూ కిక్కురుమనలేదు. నాకు మూడోది, స్టీలు డబ్బాల సెట్టు. రెండోది మా డ్రైవరుకు. అతని ఫారంలో ‘వినాయక నిమజ్జనం, ఏటా’ అని రాసుంది.