సీసైడ్ డైసీ నాటేముందు

చిరంజీవి మాధవికి,

పెరట్లో సీసైడ్ డైసీ వేస్తానని రాశావు. చాలా సంతోషం. ఒరెగాన్, కాలిఫోర్నియా తీరంలో ఉప్పుగాలి కొట్టే కొండచరియల మీద తనంత తానే పెరిగే మొక్క అది. మన చామంతి కుటుంబమే. అలాగని చామంతికి చేసినట్టు సేవ చేయకు. పేడ ఎరువు, పిండి ఎరువు ఏవీ వద్దు. నేల బలమైతే కాడలు సాగి వాలిపోతాయి, పూలు తగ్గుతాయి.

కాలిఫోర్నియా తీరాన ఉన్న మా పసిఫికాలో వేసవి పొగమంచు దానికి గొడుగు పడుతుంది. మీ ఫ్రీమాంట్‌లో ఎండ ఎక్కువ కాబట్టి పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు చూడు. నర్సరీలో ‘వేన్ రోడెరిక్’ రకం అడుగు. బర్కిలీలోని టిల్డెన్ పార్కు బొటానిక్ గార్డెన్‌కు డైరెక్టరుగా పనిచేసిన ఆయన పేరే దానికి పెట్టారు. వేడిని కొంత మేలుగా తట్టుకుంటుంది. కొండల మీది మొక్కను మాత్రం ఎన్నడూ పీకి తేవద్దు.

నాటడానికి తొందరపడకు. మన ఊళ్లో తొలకరి జూన్‌లో అయితే, ఇక్కడ వానలు చలికాలంలో. నవంబరులో నేల తడిశాక నాటితే, ఎండలు ముదిరేలోగా వేరు లోతుకు దిగుతుంది.

మీది జిగట మట్టి కదా, జానెడు ఎత్తు దిబ్బ చేసి నాటు. దగ్గరగా చూడు: ఆకులు చెంచా ఆకారంలో, మందంగా, వేలికి కొద్దిగా అంటుకునేలా ఉంటాయి. అవన్నీ గుత్తిగా మొలిచే మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. చెక్క పొట్టు కూడా దానికి తగలనీయకు, కుళ్లిపోతుంది. చుట్టూ సన్నటి గులకరాళ్లు పరుచు.

తొలి వేసవిలో వారానికోసారి నిండుగా నీళ్లు పెట్టు. ఆ తర్వాత పైమట్టి బాగా ఆరితేనే. ఆకులు వాడాయని వెంటనే గొట్టం తీసుకోకు. ముందు మట్టిలో వేలు పెట్టు. లోపల తడి ఉండి కూడా వాడితే వేరు కుళ్లుతున్నట్టు. అప్పుడు నీళ్లు పోస్తే మొక్క చచ్చిపోతుంది. చాలామంది దాన్ని పోగొట్టుకునేది ఇలాగే.

లేత ఊదా రేకల మధ్య పసుపు బొడ్డు గోధుమరంగుకు తిరగగానే కాడను అడుగుదాకా కత్తిరించు. మళ్లీ మొగ్గ వేస్తుంది. పురుగుమందు కొట్టకు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు దాని మీద వాలుతుంటాయి.

కొన్నేళ్లకు గుబురు నడిమి భాగం మోడుబారుతుంది. అప్పుడు పూత లేని కొమ్మలు తుంచి ఇసుకలో గుచ్చితే వేళ్లు పోస్తాయి. మా పెరట్లో గుబురు బాగానే ఉంది, నాటే ముందు వచ్చి కావలసినన్ని కొమ్మలు తీసుకెళ్లు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ