వేలు నొక్కి చూసే పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోవడంతో మా నాన్నగారిని నెల్లూరులో ఐసీయూలో చేర్చాము. అక్కడి డాక్టరుగారు మాటిమాటికీ ఆయన చూపుడువేలిని చిన్న గాజుపలకతో నొక్కి, వదిలి, గడియారం చూసుకునేవారు. ఇన్ని రక్తపరీక్షలు ఉండగా ఇదెందుకు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ నాన్నగారికి జరిగినది పాతకాలపు చిట్కా వైద్యం కాదు. వేలికొన తెల్లబడేలా 10 సెకన్లు నొక్కి వదిలాక, రంగు తిరిగి రావడానికి 3 సెకన్లకు మించి పడితే, బీపీ అంకె సరిగానే కనిపిస్తున్నా శరీరం అంచులకు రక్తం చాలినంతగా అందడం లేదని వైద్యులు అనుమానిస్తారు. కాలువ నిండుగా పారుతున్నా చివరి మడి తడిసిందో లేదో వెళ్లి చూసుకోవడం వంటిదే ఇది.

ఇటువంటి రోగులకు సెలైన్, బీపీ మందులు ఎంత ఇవ్వాలో తేల్చడానికి రక్తంలోని లాక్టేట్‌ను (కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థాన్ని) కొలవడం వాడుకలో ఉంది. అయితే రక్తప్రసరణ కుదుటపడిన తరువాత కూడా లాక్టేట్ నెమ్మదిగానే తగ్గుతుంది, కాలేయం దెబ్బతిన్నవారిలో మరీ ఆలస్యమవుతుంది; ఆ అంకె దిగేదాకా సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉంది.

దక్షిణ అమెరికాలోని 5 దేశాలలో 424 మందిపై జరిగి 2019లో వెలువడిన ఆండ్రోమెడా షాక్ అధ్యయనం ఈ రెండు పద్ధతులనూ పోల్చింది. 28 రోజులలో మరణించినవారు వేలి పరీక్షను అనుసరించిన వర్గంలో 34.9 శాతం, లాక్టేట్‌ను అనుసరించిన వర్గంలో 43.4 శాతం. తేడా పెద్దదిగానే కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా నిరూపించడానికి కొద్దిలో చాలలేదు. 2025లో వెలువడిన రెండవ అధ్యయనంలో 19 దేశాలకు చెందిన సుమారు 1,500 మందికి, వేలి పరీక్షతో పాటు మరికొన్ని కొలతలను ఆధారం చేసుకున్న చికిత్సను మామూలు చికిత్సతో పోల్చారు. మరణాలు, ప్రాణాధార చికిత్స అవసరమైన రోజులు, ఆస్పత్రిలో గడిపిన కాలం కలిపి చూస్తే మొదటి వర్గానికే మేలు కనిపించింది, కానీ మరణాలు మాత్రం రెండు వర్గాలలోనూ దాదాపు సమానం. కాబట్టి ఈ పరీక్ష ప్రాణాలు నిలుపుతుందని ఎవరైనా చెబితే అది అతిశయోక్తి. యంత్రాలపై, మందులపై ఆధారపడే కాలాన్ని తగ్గించడానికి తోడ్పడుతుందనడమే న్యాయం.

గది మరీ చల్లగా ఉన్నా, వేలికి గోరింటాకు ఎర్రగా పండి ఉన్నా ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. అందువల్ల ఇంట్లో వేలు నొక్కి చూసి ధైర్యపడవద్దు: జ్వరంతో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, ఆయాసపడినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే 108కు ఫోన్ చేయండి.