ఇగరనివ్వాలా, మగ్గనివ్వాలా?

సందేహం: అమెరికాలో బన్నుల మధ్య పెట్టుకు తినే స్లాపీ జో ఎలా చెయ్యాలో తెలుగులో ఉంటే చదివాను. "నేల గొడ్డుమాంసాన్ని ఎర్రగా వేయించి, కొవ్వును హరించి, సాసు పోసి మూతపెట్టి మగ్గనివ్వండి" అని ఉంది. చదివితే నవ్వొచ్చింది, అలాగే చేస్తే నీళ్లనీళ్లగా వచ్చింది. ఇందులో ఏ మాటలు తప్పు?
– ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: నవ్వు తెప్పించింది మొదటి మాట, కూరను చెడగొట్టింది చివరి మాట.

ఇంగ్లీషులో నేలకూ, మెత్తగా ఆడించినదానికీ "గ్రౌండ్" అని ఒకే మాట ఉండటంతో "నేల" వచ్చిపడింది. పప్పు రుబ్బుతాం, కారం దంచుతాం, పిండి విసురుతాం. మాంసాన్ని మాత్రం ఖీమా కొట్టిస్తాం. కైమా అన్నా అదే. అయితే మన కొట్లలో ఉత్త ఖీమా అంటే మటనే అనుకుంటారు. మీ దగ్గర టర్కీ, పోర్కు కూడా ఖీమాగా దొరుకుతాయి కనుక బీఫ్ ఖీమా అనో, గొడ్డుమాంసం ఖీమా అనో తేల్చి రాయాలి. పెద్దకూర అన్నా తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

"ఎర్రగా వేయించడం" ఉల్లిపాయలకు చక్కని తెలుగు. పచ్చిమాంసం మొదటే ఎర్రగా ఉంటుంది కాబట్టి ఇక్కడ అది అయోమయం. "ఎరుపు పోయి, అడుగు ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా వేయించాలి" అంటే సరిపోతుంది. పౌను ఖీమాకు, అంటే సుమారు 450 గ్రాములకు, 30 సెంటీమీటర్ల వెడల్పు మూకుడు కావాలి. బాగా కాలిన మూకుట్లో పరిచి రెండు మూడు నిమిషాలు కదపకండి, తర్వాత గరిటెతో చిదుపుతూ మరో ఐదారు నిమిషాలు. ఇరుకు మూకుట్లో కుప్పగా వేస్తే నీరు ఊరి, ఆ నీట్లోనే మాంసం ఉడుకుతుంది. అప్పుడు దాన్ని వేగడం అనడానికి లేదు. రంగు తిరిగినంత మాత్రాన లోపల ఉడికినట్టూ కాదు. బీఫ్ ఖీమాకు 71 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి.

హరించేది పాపాలను. కొవ్వును వంపేస్తాం. వార్చడం గంజికి అలవాటైన మాట, వడకట్టాలంటే గుడ్డో జల్లెడో ఉండాలి. ఇక్కడ మూకుడు ఒరగదీస్తే చాలు. ప్యాకెట్టు మీద 80/20 అని ఉంటే నూటికి ఇరవై పాళ్లు కొవ్వే. ఒక చెంచాడు ఉంచి మిగతాది పాత డబ్బాలోకి వంపండి. సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది.

ఇక అసలు సంగతి. మగ్గడమంటే మూత కింద, తన తడిలో తాను మెత్తబడటం. వంకాయ మగ్గుతుంది, మామిడికాయ గడ్డిలో మగ్గుతుంది. రెండు చోట్లా ఆవిరినో వేడినో బయటికి పోనివ్వం. ఇగరడం దీనికి ఎదురు. తడి పోవాలి, పులుసు చిక్కబడి ముక్కకు పట్టాలి. రొయ్యల ఇగురుకు ఆ పేరు అలా వచ్చిందే. అంటే మూత పెట్టాలో తియ్యాలో మన క్రియే చెప్పేస్తుంది. ఈ వంటకానికి కావలసింది ఇగరడం. కొవ్వు వంపేశాక చిన్న ఉల్లిపాయ, సగం కాప్సికం, రెండు వెల్లుల్లి రేకలు సన్నగా తరిగి వేసి ఐదు నిమిషాలు వేయించండి. (ఇక్కడ, మూత పెట్టి మగ్గించినా తప్పులేదు.) తర్వాత ముప్పావు కప్పు కెచప్, పావు కప్పు నీళ్లు, చెంచాడు ఆవముద్ద, రెండు చెంచాల వెనిగర్, మూడు చెంచాల బ్రౌన్ షుగర్ కలిపి, మూత తీసి, సన్నసెగన పదిహేను నిమిషాలు ఇగరనివ్వాలి. చెంచా అన్నచోటల్లా టీ చెంచానే. కెచప్‌లో ఉప్పు ఉంటుంది, కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి వెయ్యండి. గరిటెతో గీస్తే అడుగు కనబడి, ఆ గీత వెంటనే పూడకపోతే ఇగిరినట్టు.

అమెరికాలోనే ఐయోవా రాష్ట్రంలో మెయిడ్-రైట్ అనే హోటళ్ల తరహా ఖీమా బన్నులో కెచప్ సాసు ఉండదు. ఆ ఖీమాను పొడిపొడిగా వండుతారు, అక్కడ ఇగురు అనే మాట నప్పదు.

"ఫిల్లింగ్"కు పూర్ణం అనొచ్చా అని కొందరు అడుగుతుంటారు. పూర్ణం అనగానే బూరెలూ బొబ్బట్లూ గుర్తొస్తాయి, తీపి వాసన వస్తుంది. కూరడం గుత్తివంకాయకు బాగుంటుంది గానీ, బన్నును అడ్డంగా కోసి మధ్యన పెట్టేదానికి కుదరదు. దోసెలోకి చట్నీ, చపాతీలోకి కూర అన్నట్టే "బన్నులోకి ఖీమా" అనండి. ఈ కొలతకు నాలుగు బన్నులు సరిపోతాయి. కోసిన వైపు పెనం మీద కాల్చి పెడితే సాసు పీల్చుకుని చివికిపోవు.