పని మారే వేళకు ఒక కథ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కొత్తపట్నం దగ్గరి బడిలో నీకు ఒకటో తరగతి అప్పగించారని, పాఠం చెప్పడం కంటే పిల్లలను ఆట నుంచి పలక దగ్గరకు, పలక దగ్గరి నుంచి భోజనానికి తరలించడమే కష్టంగా ఉన్నదని నీవు వ్రాసిన ఉత్తరం అందింది. కేకలు వేసి గొంతు బొంగురుపోయిందన్నావు. ఆ వేళల్లో కథను ఎలా వాడుకోవచ్చునో నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

ఆ గొడవకు కారణం పిల్లల మొండితనమని మాత్రం అనుకోవద్దు. అయిదారేళ్ళ పిల్లవాడికి గడియారంతో పని లేదు. కడుతున్న ఇసుక గూడు సగంలో ఉండగా లేవమంటే, తరువాత ఏమి రానున్నదో తెలియక, చేతిలోది పోతున్నదని మాత్రం తెలిసి ఏడుస్తాడు. కథ వింటున్నప్పుడు అదే పిల్లవాడికి ముందు ఏదో ఉన్నదన్న ధీమా ఉంటుంది. కాశీమజిలీ కథల్లో గోపకుడు మజిలీకొక కథ చెబితేనే వెంట వస్తానని మణిసిద్ధుడికి షరతు పెట్టాడు కదా, మన పిల్లలూ ఆ షరతు మీదే నడుస్తారు, కాకపోతే పైకి చెప్పరు.

అయితే పని మారే వేళ చెప్పే కథ వేరు, నీతికథ వేరు. పిల్లలు తరువాత చేయవలసిన పని ఆ కథలోనే ఇమిడి ఉండాలి. కూర్చోబెట్టి వినిపించే కథ ఎంత మంచిదైనా, అది ముగిశాక వాళ్ళను లేపడానికి మళ్ళీ కేక వేయవలసిందే.

భోజనాల వేళకు నేను వాడినది అందరికీ తెలిసిన ఏడు చేపల కథే. ఒడ్డున ఇసుకలో చేపలు ఎండబెట్టడం రోజూ చూసే మీ పిల్లలకు ఎండని చేప సంగతి వేరే వివరించనక్కరలేదు. ఏడుగురిని చేపలను చెయ్యి. గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చిన పాపడు, ఇలా తక్కిన వేషాలు పంచి, మిగిలిన వాళ్ళందరినీ చీమల్లో కలుపు. “చేపా చేపా, ఎందుకు ఎండలేదు?” అని నీవు ఒక్కొక్క చేపనూ అడుగుతావు. “గడ్డిమోపు అడ్డమొచ్చింది” అని జవాబు చెప్పిన పిల్ల లేచి కుళాయి దగ్గరకు వెళుతుంది. నీవు గడ్డిమోపు దాకా వచ్చేసరికి మొదటి చేప చేతులు కడుక్కొని కంచం ముందు కూర్చొని ఉంటుంది. ఆగలేని అల్లరి పిల్లలను చేపలను చేసి ముందే పంపించు. నోరు విప్పని కొత్త పిల్లలను చీమల్లో ఉంచు, ఎందుకంటే చీమల మాట అందరూ కలిసి అనేది, తప్పు పోయినా ఎవరికీ తెలియదు. “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అని వాళ్ళు అరిచే అరుపును దయచేసి ఆపవద్దు, అంతసేపూ ఓపిక పట్టినది దానికోసమే. (రాజుగారి కొడుకులు వేటకు వెళ్ళి చేపలు తేవడమేమిటని ఒక జాలరి పిల్లవాడు నన్ను నిలదీశాడు. వాడికి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.)

ఒక్క కుళాయి దగ్గర ముప్పై మంది నిలబడవలసి వస్తే ఏ కథా ఆదుకోదు. ముందు రెండు బకెట్లు, రెండు చెంబులు పెట్టించి, ఆ తరువాతే కథ మొదలుపెట్టు.

భోజనం అయ్యాక పిల్లలను పడుకోబెట్టడానికి ఒంగోలు గిత్త కథ చాలు. బండలాగుడు పందెం గెలిచి ఇంటికి వచ్చిన గిత్త కుడితి తాగింది, మూపురం కదిలించింది, ముందు కాళ్ళు మడిచింది, తరువాత వెనుక కాళ్ళు మడిచి మెల్లగా పడుకున్నది. పిల్లలు మోకాళ్ళ మీదికి వచ్చి అలాగే చేస్తారు. ఒక్కొక్క వాక్యానికీ నీ గొంతు తగ్గాలి, అంతే.

ఉదయం తల్లిని వదలలేక ఏడ్చే పిల్లవాడికి ఆ క్షణంలో కథ చెప్పబోకు, వాడి చెవికి ఎక్కదు. ఆ పని ముందురోజు సాయంత్రమే చేసుకోవాలి. ఇంటికి వెళ్ళే వేళ ఒక కథను సగంలో ఆపి, మిగిలినది ప్రార్థన కాగానే చెబుతానని మాట ఇచ్చి, ఆ మాట తప్పక నిలబెట్టుకో. భయం గొలిపే చోట మాత్రం ఆపకూడదు. ఆ భయాన్ని పిల్లలు రాత్రి పక్కలోకి తీసుకువెళతారు.

అల్లరి చేస్తే కథ లేదని బెదిరించవద్దు. కథను బహుమానం చేస్తే, అది అందరికంటే ఎక్కువ అవసరమైన పిల్లవాడికే దక్కకుండా పోతుంది. రోజుకొక కొత్త కథ వెతుక్కొనే శ్రమ కూడా వద్దు. పిల్లలకు పాత మాటలే కావాలి, ఒక్క మాట మార్చినా పట్టుకుంటారు. పాఠం మాని ఈ కథలేమిటని పర్యవేక్షణకు వచ్చినవారు అడిగితే, 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమే మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటల ద్వారా, కథల ద్వారా నేర్పమంటున్నదని వినయంగా చెప్పు.

ఈ నెలంతా భోజనాల వేళ ఒక్కటే పట్టుకో. అది కుదిరాక గిత్త కథకు వెళ్ళవచ్చు. నీవు సెలవు పెట్టిన రోజున ఆగిపోకుండా చేపల ప్రశ్నలు ఆయమ్మకు కూడా నేర్పి ఉంచు.

ఇట్లు,
మీ అత్తయ్య,
నెల్లూరు