పాపకి స్కోలియోసిస్ బ్రేస్ ఏది తీసుకోవాలి, ఎవరి దగ్గర చేయించాలి?

మీ పాపకి 12 ఏళ్లు, వెన్నులో 28 డిగ్రీల వంకర (అదే స్కోలియోసిస్), రిస్సర్ 1 (ఎముకల ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో ఎక్స్‌రేలో చూసి చెప్పే 0 నుంచి 5 లెక్క), డాక్టర్ గారు బ్రేస్ వేయించమన్నారు, బ్రేసుల్లో బోస్టన్ రకం మంచిదా షెనో రకం మంచిదా, ఆన్‌లైన్లో దొరికే రెడీమేడ్ బెల్టు సరిపోదా అని అడిగారు కదండీ. మా అమ్మాయికి కూడా ఇంచుమించు అదే వయసులో 31 డిగ్రీలతో బయటపడింది, ఇప్పుడు ఎదుగుదల అయిపోయి బ్రేస్ మానేసింది, సర్జరీ దాకా వెళ్లలేదు, అందుకని మాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఆ బెల్టు ఆలోచన మానేయండి. అది భుజాలు వెనక్కి లాగుతుందంతే, స్కోలియోసిస్‌లో వెన్ను పక్కకి వంగడంతో పాటు మెలి కూడా తిరుగుతుంది, పాపని ముందుకి వంగమని వెనక నుంచి చూస్తే ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా కనిపించేది అందుకే. దాన్ని ఆపాలంటే ఒంటికి కొలతలు తీసి చేసిన గట్టి ప్లాస్టిక్ బ్రేసే కావాలి.

ఇక బోస్టనా షెనోనా అన్నది... నన్నడిగితే బ్రేస్ పేరు కంటే దాన్ని చేసే ఆర్థోటిస్ట్ ఎవరన్నదే ముఖ్యం. రెండు రకాలతోనూ మంచి ఫలితాలు వచ్చిన పిల్లలున్నారు. రాత్రి పూట మాత్రమే వేసుకునేవి కూడా ఉన్నాయి, ప్రావిడెన్స్, చార్లెస్టన్ అని, కానీ అవి అన్ని వంకరలకీ కుదరవు, మీ పాపకి కుదురుతుందో లేదో సర్జన్‌నే అడగండి.

మాకు మొదట చేసిన చోట టేపుతో కొలతలు తీసుకున్నారు, ఎక్స్‌రే కవర్లోంచి బయటికి కూడా తీయలేదు. బ్రేస్ చూడ్డానికి బానే ఉంది, పాపకి కూడా ఏ ఇబ్బందీ లేదు, తీరా బ్రేస్ వేసి ఎక్స్‌రే తీయిస్తే 31 కాస్తా 28 అయింది, అసలు ఎక్స్‌రే కొలవడంలోనే ఓ 5 డిగ్రీలు అటూ ఇటూ వస్తుంది కాబట్టి ఇది తగ్గినట్టు లెక్క కాదు అన్నారు సర్జన్. రెండో ఆయన వేరు. ఎక్స్‌రేని లైటు మీద పెట్టి ముందు మా అమ్మాయికే చూపించాడు ఎక్కడ తిరిగిందో, బ్రేస్ తొడిగాక మార్కర్‌తో గీతలు గీసి ఇక్కడ నొక్కాలి, దీనికి ఎదురుగా ఖాళీ ఉండాలి, లేకపోతే ఒళ్లు ఎటు జరుగుతుంది అంటూ అక్కడికక్కడే ప్లాస్టిక్ కోసి అరగదీసి మళ్లీ తొడిగాడు, బ్రేస్ లోపల నొక్కే ప్యాడ్ల మీద చిన్న లోహపు గుర్తులు అంటించి పంపాడు, ఎక్స్‌రేలో ప్యాడ్ సరిగ్గా ఏ ఎముక దగ్గర ఉందో కనపడాలని. ఆ బ్రేస్‌లో 14కి వచ్చింది.

కాబట్టి వెళ్లిన చోట మొట్టమొదట అడగాల్సింది "బ్రేస్ వేశాక ఎక్స్‌రే చూసి మీరే సరిచేస్తారా" అని. వంకర బిగుసుకుపోకుండా ఉంటే బ్రేస్‌లో సుమారు సగానికి తగ్గాలని చూస్తారు. ఎక్స్‌రే అవసరం లేదండీ అనేవాళ్ల దగ్గర నేనైతే చేయించను. ఆర్థోటిక్స్‌లో డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్నాయా, కాళ్ల బ్రేసులు కాకుండా పిల్లల స్కోలియోసిస్ బ్రేసులు రెగ్యులర్‌గా చేస్తారా, షెనో అయితే దానికి విడిగా ట్రైనింగ్ అయ్యారా, పాప ఎదిగితే మార్పులు ఎవరు చేస్తారు, మళ్లీ డబ్బు కట్టాలా, ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. మీ సర్జన్‌తో నేరుగా మాట్లాడే ఆర్థోటిస్ట్ అయితే ఇంకా మంచిది.

రోజుకి ఎన్ని గంటలన్నది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2013లో వచ్చిన అమెరికా, కెనడాల స్టడీలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి ఎదుగుదల ఆగేదాకా వంకర 50 డిగ్రీలు దాటలేదు, వేసుకోనివాళ్లలో అది 48 శాతం, అదే రోజుకి సగటున 13 గంటలు, ఆపైన వేసుకున్న పిల్లల్లో 90 శాతం పైనే. డాక్టర్లు ఎక్కువగా 18 గంటలో అంతకంటే ఎక్కువో చెప్తారు. అన్ని గంటలు మోసేది పాపే కాబట్టి ప్లాస్టిక్ మీద రంగు, డిజైన్ తననే ఎంచుకోనివ్వండి, ఎక్కడ నొప్పిగా ఉందో ఆర్థోటిస్ట్‌కి తననే చెప్పనివ్వండి, పక్క నుంచి మనం అందుకోకూడదు. మా అమ్మాయికి అలా మాట్లాడే ఆర్థోటిస్ట్ దొరకబట్టే స్కూల్‌కి కూడా వేసుకెళ్లింది.

లోపల కుట్లు లేని పల్చటి బనియన్ ముడతలు లేకుండా వేయండి, బ్రేస్ కింద క్రీములు, పౌడర్లు వద్దు, చర్మం మెత్తబడి ఒరుసుకుపోతుంది. ప్యాడ్ నొక్కే చోట ఎరుపు రావడం మామూలే, బ్రేస్ తీసిన అరగంటకి కూడా పోకపోయినా, పొక్కు లేచినా ఆర్థోటిస్ట్‌కి ఆ రోజే ఫోన్ చేయండి, అప్పాయింట్‌మెంట్ వచ్చేదాకా ఆగొద్దు. రిస్సర్ 1 అంటే ఇంకా బాగా ఎదగాల్సి ఉంది, వంకర పెరిగేది కూడా ఆ టైంలోనే, అందుకని ఏ బ్రేస్ అని నెలల తరబడి వెతకకుండా ఈ వారంలోనే ఒకరిద్దరు ఆర్థోటిస్టులని కలవండి, ఎక్స్‌రేలన్నీ పట్టుకెళ్లండి.