పీకేయూ ఉన్న తల్లి పాలివ్వచ్చా? - సమాధానం

చెల్లెమ్మా, నీకు ఫినైల్‌కీటోన్యూరియా (పీకేయూ - తిండిలోని మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని ఒళ్లు సరిగా ఖర్చు చేసుకోలేని పుట్టుజబ్బు) ఉందని, పాపకి పాలివ్వొద్దని పలాసలో మీ అత్తగారు అంటున్నారని రాశావు. టెన్షన్ పడకుండా ఇవ్వు. నీ పాలల్లో ఫినైల్‌అలనిన్ కాస్త ఎక్కువున్నా, ఆ జబ్బు లేని బిడ్డ ఒంట్లో అది మామూలుగానే ఖర్చయిపోతుంది.

అసలు తేల్చుకోవాల్సింది పాపకి జబ్బు వచ్చిందా లేదా అని. ఈ జబ్బు రావాలంటే అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. నీ నుంచి ఒకటి ఎలాగూ వస్తుంది. మీది మేనరికం అన్నావు కదా, మీ ఆయన నుంచి రెండోది వచ్చే అవకాశం బయటి సంబంధాల్లో కంటే ఎక్కువ. పుట్టిన 48 గంటల తర్వాత మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్ష ఇంకా చేయించకపోతే, రేపే శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ని అడుగు. ఒకవేళ ఉందని తేలినా సాధారణంగా నీ పాలు పూర్తిగా మాన్పించరు. ప్రత్యేక పాలపొడితో కలిపి, రక్త పరీక్షలు చూసుకుంటూ ఇప్పిస్తారు.

బాలింతవని గుడ్లూ పప్పూ పెడతామంటే మాత్రం ఒప్పుకోకు. మాంసకృత్తులు తగ్గించిన నీ పథ్యం ఇప్పుడూ అవసరమే.